పండుగప్పకి హార్మోన్ ఇంజెక్షన్ వేసి మన చెరువులోనే సీడ్ (చేపపిల్లలు) తీయొచ్చా?

కృష్ణలంక కుర్రాడు:
నేను విజయవాడలో ఉంటాను, చెరువు నాగాయలంక దగ్గర, బాబాయి చూసుకుంటాడు. పండుగప్ప వేస్తున్నాం కానీ ప్రతిసారీ సీడ్ దగ్గరే దెబ్బ తింటున్నాం. పోయిన ఏడాది తెచ్చిన పిల్ల ఒక సైజులో లేదు, పెద్దవి చిన్నవాటిని మింగేసి సగం కూడా మిగల్లేదు. ఇప్పుడు చెరువులో రెండు, రెండున్నర కేజీల చేపలు నలభై దాకా ఉన్నాయి. కైకలూరు వైపు కార్పు హేచరీలో చేసిన బాబాయి ఫ్రెండ్ ఒకాయన, బొచ్చె, శీలావతి లాంటి కార్పులకి వేసే ఓవాప్రిమ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ వీటికి వేసినా తెల్లారేసరికి గుడ్లు పెడతాయంటున్నాడు. నిజమేనా? మందు కొనేలోపు తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఉప్పునీటి హేచరీ:
తమ్ముడూ, మందు కొనకు. నీ నలభై చేపలూ దాదాపు మగవే అయ్యుంటాయి.

పండుగప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది, కొన్నేళ్లు గడిచి నాలుగు కేజీలు దాటే దశలో ఆడగా మారుతుంది. రెండు కేజీల చేపలో గుడ్లే లేనప్పుడు ఏ ఇంజెక్షన్ వేసినా ఏం వస్తుంది? హార్మోన్ గుడ్లని తయారుచేయదు. అప్పటికే కడుపులో ఎదిగి ఆగిపోయిన గుడ్లని చివరి మెట్టు ఎక్కించి బయటికి వదిలేలా చేస్తుంది, దాని పని అంతే. సముద్రంలో అయితే ఆ సంకేతం చేప మెదడే ఇస్తుంది, ట్యాంకులో పెట్టేసరికి చాలా చేపల్లో అది ఆగిపోతుంది, అందుకే మనం బయటినుంచి ఇస్తాం.

మేం చేసేది ఇలా ఉంటుంది. చేపకి మత్తిచ్చి, సన్నటి ట్యూబుతో కొన్ని గుడ్లు బయటికి తీసి మైక్రోస్కోపు కింద కొలుస్తాం. 450 మైక్రాన్లు దాటితేనే సూది పట్టుకుంటాం, లేకపోతే తల్లిచేపని మళ్లీ నీళ్లలో వదిలేస్తాం. మందు ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్-ఎ, అంటే మెదడిచ్చే ఆ సంకేతానికి నకలు హార్మోన్, కేజీకి 60 నుంచి 70 మైక్రోగ్రాములు, మగచేపకి అందులో సగం. అంటే ఐదు కేజీల తల్లికి 300 నుంచి 350 మైక్రోగ్రాములు, కంటికి ఆనని పొడి. వేసిన 30 నుంచి 36 గంటలకి చేపలు వాటంతట అవే ట్యాంకులో గుడ్లు వదులుతాయి, కార్పుల్లా కొన్ని గంటల్లో అయిపోయే పని కాదు.

ఓవాప్రిమ్‌లో హార్మోన్‌తో పాటు డోంపెరిడోన్ ఉంటుంది. కార్పుల్లో మెదడులోని డోపమైన్ అనే రసాయనం గుడ్లు వదిలే సంకేతానికి అడ్డుపడుతుంది, దాన్ని ఆపడానికి డోంపెరిడోన్ కావాలి. పండుగప్పలో ఆ అడ్డు పెద్దగా లేదు, హార్మోన్ ఒక్కటే సరిపోతుంది. చెన్నైలో సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకంపై కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు 1997లో మన దేశంలో పండుగప్ప పిల్లని మొదటిసారి తీసిందీ ఇలా ట్యాంకుల్లో పెంచిన తల్లిచేపలతోనే.

సూర్యలంక గాలి:
ఇంకో మాట, నీళ్లు. నాగాయలంక చెరువుల్లో వానలు పడితే సెలినిటీ (నీటిలో ఉప్పుదనం) పడిపోతుంది కదా, పండుగప్ప ఎక్కడ పెరిగినా గుడ్లు పెట్టడానికి సముద్రం వైపే పోతుంది. గుడ్డు తేలాలన్నా పొదగాలన్నా 28 నుంచి 32 పీపీటీ (లీటరు నీటికి దాదాపు అన్ని గ్రాముల ఉప్పు) ఉండాలి. అది ఉన్నా పిల్ల బయటికొచ్చాక మూడో రోజు నుంచి రోటిఫర్, తర్వాత ఆర్టీమియా అనే కంటికి ఆనీ ఆనని బతికున్న జీవుల్ని మేతగా పెట్టాలి, వాటి పెంపకం ఒక్క పూట తప్పినా ట్యాంకంతా పోతుంది. నా కళ్లముందే పోయింది, ఆ బాధ నీకొద్దు.

గుంటూరు గృహిణి:
మధ్యలో అడుగుతున్నాను ఏమనుకోకండి. మేం ఆదివారం పండుగప్ప తెచ్చుకుంటాం, పిల్లలూ తింటారు. హార్మోన్ వేసిన చేపేనా మాకొచ్చేది?

ఉప్పునీటి హేచరీ:
కాదండీ. సూది తల్లిచేపకి, అదీ గుడ్లు పెట్టించేటప్పుడు మాత్రమే, దాన్ని ఏళ్లతరబడి హేచరీలోనే కాపాడుకుంటాం. మీ కూరలోకి వచ్చేది దాని పిల్ల పెరిగి పెద్దదైంది, దానికి ఏ ఇంజెక్షనూ వేయరు. ఆ మందు కూడా చిన్న ప్రొటీన్ ముక్కలాంటిది, చేప ఒంట్లోనే త్వరగా విరిగిపోతుంది. ధైర్యంగా పెట్టండి.

కృష్ణలంక కుర్రాడు:
బాబాయికి ఫోన్లో అంతా చదివి వినిపించాను. ఓవాప్రిమ్ వద్దనుకున్నాం, ఈ చేపల్ని పట్టి అమ్మేస్తాం. మరి కొన్న సీడ్‌నైనా దక్కించుకునే దారి ఉందా అన్నా?

ఉప్పునీటి హేచరీ:
ఉంది. తెచ్చిన పిల్లని నేరుగా చెరువులో వదలొద్దు, చెరువులోనే హాపాలు (సన్నకన్ను వల తొట్లు) కట్టి అందులో వెయ్యి. మూడు నాలుగు రోజులకోసారి గ్రేడింగ్ చెయ్యి, పెద్దవి ఒక హాపాలోకి, చిన్నవి ఇంకోదాంట్లోకి. మేత చాలకపోయినా, సైజులు కలిసిపోయినా ఒకదాన్నొకటి తినేస్తాయి. కొనేటప్పుడు ఒక మగ్గుతో ముంచి తెల్ల టబ్బులో పోసి చూడు, సైజు తేడా కనిపిస్తే ఆ బ్యాచ్ తీసుకోకుండా వెనక్కి వచ్చెయ్యి.