జైపాల్ రెడ్డి గారి తెలుగు ప్రసంగాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవానికి సూదిని జైపాల్ రెడ్డి గారి గురించి మాట్లాడతానని మా తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు ముందుకు వచ్చింది. ఆమె కాలికి కాలిపర్ (నడకకు ఊతమిచ్చే పట్టీల చట్రం) ఉంది. మెట్లెక్కేటప్పుడు ఒక చేత్తో గోడను, రెండో చేత్తో మోకాలిని పట్టుకుంటుంది; సాయం చేయబోతే మాత్రం ఒప్పుకోదు.

చిన్నతనంలోనే పోలియో సోకి ఊతకర్రలతో నడిచిన ఆయన, 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరా గాంధీ గారిపైనే పోటీచేసి ఓడి, 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లి, గుజ్రాల్, మన్మోహన్ సింగ్ ప్రభుత్వాలలో కేంద్రమంత్రిగా పనిచేసి, 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందారని నేను రాసిచ్చాను. అది చదివి, "ఆయన సభలో ఏం మాట్లాడారో ఇందులో లేదు కదండీ మాస్టారూ" అంది. నిజమే, నేను రాసింది ఉత్త పదవుల జాబితా.

లోక్‌సభలో ఆయన వాడిన ఆంగ్లం మా పిల్లలకు కొరుకుడు పడదు. అందుకే, ఆయన శాసనసభ్యుడిగా ఉన్న 1969–84 నాటి సభా చర్చల ప్రతులు ఎక్కడ చూడవచ్చో, ఆయన తెలుగు ప్రసంగం ఏదైనా మీ దగ్గర ఉందేమో దయచేసి తెలియజేయండి. కల్వకుర్తి ప్రాంతం వారెవరైనా ఎన్నికల సభల్లో ఆయనను చూసి ఉంటే, వేదిక ఎలా ఎక్కేవారో కూడా చెప్పగలరు. ఆమె అడిగిన రెండో ప్రశ్న అదే.