అప్‌డేట్: ఇంటర్ చదివే మా అబ్బాయి చిరాకు, కడుపునొప్పి – కారణం తెలిసింది

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అబ్బాయి అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నాడని, కాలేజీ టైముకి కడుపునొప్పి అంటున్నాడని, రాత్రంతా ఫోనుతోనే ఉంటున్నాడని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్సండి.

పనికొచ్చింది 14416 టెలిమానస్ నంబరు, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు చెప్పాక అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లి సైకియాట్రిస్టుకి చూపించాం. డాక్టరు గారు మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో విడిగా మాట్లాడారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగానే అడిగారట. అలా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని తర్వాత మాకు చెప్పారు. చివరికి డిప్రెషన్ అన్నారు. ఈ వయసు పిల్లల్లో అది దిగులుగా కాకుండా చిరాకుగా కూడా బయటపడుతుందట.

ఫోను కారణం కాదు, నిద్ర పట్టకే ఫోను చూస్తున్నాడు. థైరాయిడ్, స్కానింగ్ నార్మల్. దిష్టి తీయించింది మా అత్తగారి తృప్తి కోసం, అంతే.

మందులు రాయలేదు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. ముందు నిద్ర దారిలో పడింది, తర్వాత నొప్పి తగ్గింది. కాలేజీకి వెళ్తున్నాడు. మార్కులు ఇంకా అంతంతమాత్రమే, దానికి టెన్షన్ పడొద్దన్నారు.

పిల్లలు మాట్లాడనంటే ఆ నంబరుకి ముందు తల్లిదండ్రులే చేయొచ్చు. మేమూ అలాగే చేశాం.