చిల్లులున్న మెటీరియల్‌లో వేవ్ స్పీడ్ ఎందుకు తగ్గుతోంది? హోమోజనైజేషన్ డౌట్

ఎంవీపీ_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఏయూలో అప్లైడ్ మ్యాథ్స్ ఎమ్మెస్సీ చేస్తున్నా, ప్రాజెక్టుకి వేవ్ ఈక్వేషన్ హోమోజనైజేషన్ (చిల్లుల మధ్య దూరం సున్నాకి పోతుంటే, చిల్లుల మెటీరియల్ బదులు దానికి సమానమైన సాదా మెటీరియల్ ఏదో తేల్చడం) తీసుకుని ఇరుక్కుపోయా. టూ డీలో ఎప్సిలాన్ అనే చిన్న దూరానికొకటి గుండ్రటి చిల్లు, అంచున న్యూమన్ కండిషన్, అంటే అల అంచు దాటి చిల్లులోకి పోదు. ఏరియాలో పావు వంతు చిల్లులే, అంటే బరువు 0.75కి పడింది, గట్టిదనం కూడా 0.75 అవుతుంది కదా, స్పీడంటే ఆ రెండిటి నిష్పత్తికి వర్గమూలం, కొట్టేసుకుపోయి పాత స్పీడే రావాలి మరి. కోడ్ రన్ చేస్తే పది శాతం తక్కువొస్తోంది. మెష్ మూడుసార్లు సన్నం చేశా, లాప్‌టాప్ పెనంలా కాలుతోంది గానీ నంబర్ కదల్లేదు. తప్పెక్కడో చెప్పండి ప్లీజ్

సరుగుడుతోట:
కోడ్ కరెక్టే తమ్ముడూ, నీ రెండు 0.75ల్లో ఒకటి తప్పు. బరువుది ఓకే, అది ఉత్త యావరేజీ. గట్టిదనానికి యావరేజీ పనిచెయ్యదు. భీమిలి రోడ్డులో సరుగుడు తోటలుంటాయి చూడు, అందులో ఎవడైనా కేకేస్తే శబ్దం మానుల్లోంచి పోదు, వాటి పక్కనుంచి వంకర తిరిగి పోవాలి, నీదీ అదే ఈక్వేషన్, గాలి నీ మెటీరియల్, మాను నీ చిల్లు. మాను వెనకాల నక్కిన గాలి బరువులో లెక్కకొస్తుంది గానీ అలని ముందుకి తొయ్యడంలో దాని సాయం తక్కువ, అందుకే గట్టిదనం బరువుకన్నా ఎక్కువ పడిపోతుంది.

ఎంత పడుతుందో సెల్ ప్రాబ్లెమ్ చెప్తుంది. ఒక్క గడి తీసుకో, మధ్యలో చిల్లు, ఎదురెదురు అంచులు పీరియాడిక్, యూనిట్ గ్రేడియంట్ ఇచ్చి కరెక్టర్, అంటే చిల్లు వల్ల సొల్యూషన్‌లో వచ్చే సవరణ, సాల్వ్ చెయ్యి, అందులో మిగిలే ఎనర్జీయే నీ కోఎఫిషియంట్. గుండ్రటి చిల్లులు చదరపు వరసలో ఉంటే, నీ పావు వంతుకి, 0.75ని 1.25తో భాగించు, దాదాపు 0.6. దాన్ని బరువు 0.75తో భాగిస్తే 0.8, వర్గమూలం 0.894. నీ పది శాతం దొరికిందా? అన్ని దిక్కులా ఒకేలా ఉండే మెటీరియల్ అయితే చిల్లు ఏ షేపులో కొట్టినా ఆ 0.6 దాటదు, అది హాషిన్-ష్ట్రిక్‌మన్ బౌండ్.

ఇంకోటి, వైవాలో కచ్చితంగా అడుగుతారు: చిల్లులో సొల్యూషనే లేదు, ఎప్సిలాన్ మారితే డొమైనే మారిపోతోంది, మరి లిమిట్ దేనికి తీశావ్ అని. ఎక్స్‌టెన్షన్ ఆపరేటర్‌తో చిల్లులు పూడ్చి తీశానని చెప్పు, చియొరానెస్కు, సాన్ జాన్ పొలాన్ 1979లో చేసిన పని అదే.

గాజువాక_గణితం:
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. చిల్లు అంచున జీరో పెడితే, అంటే డిరిక్లే, ఇదే ఫార్ములానా?

సరుగుడుతోట:
కాదండీ, అది వేరే కథ, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. అంచు జీరో అంటే మేకు కొట్టినట్టే, చిల్లు సైజు కూడా ఎప్సిలాన్ అంత ఉంటే లిమిట్‌లో అల చచ్చిపోతుంది. త్రీ డీలో చిల్లు రేడియస్ ఎప్సిలాన్ క్యూబ్ లెక్కన తగ్గితే మాత్రం, అంటే దూరం పదో వంతైతే రేడియస్ వెయ్యో వంతు, అల బతుకుతుంది గానీ ఈక్వేషన్లోకి కొత్తగా ఒక టర్మ్ ఊడిపడుతుంది, ఏదో స్థిర సంఖ్య ఇంటూ సొల్యూషన్. చియొరానెస్కు, మురా 1982లో దానికి పెట్టిన పేరే వింత పదం. ఆ సంఖ్య వర్గమూలం కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ అల ముందుకి పోలేదు. అంతకన్నా చిన్న చిల్లులైతే ఉన్నట్టే తెలీదు.

ఎంవీపీ_కుర్రోడు:
అన్నా 0.894 అచ్చంగా వచ్చింది, థాంక్యూ!! కానీ అల వెనకాల చిన్నచిన్న అలలు తోకలా వస్తున్నాయి, హోమోజనైజ్డ్ సొల్యూషన్‌లో అవి లేవు. న్యూమరికల్ చెత్తా?

సరుగుడుతోట:
మొదటి గుబ్బ ఎంత వెడల్పు పెట్టావ్?

ఎంవీపీ_కుర్రోడు:
మూడు గడులు 😅

సరుగుడుతోట:
అదీ సంగతి. గుబ్బ అంత సన్నగా ఉంటే దానికి చిల్లులు ఒక్కోటీ కనిపిస్తాయి, పొట్టి అలలు పొడుగు వాటికన్నా మెల్లగా నడిచి వెనకబడతాయి, నీ తోక అదే, చెత్త కాదు, డిస్పర్షన్. ముప్పై గడులు పెట్టు, తగ్గిపోతుంది. కాకపోతే చాలాసేపు నడిపిస్తే, టైమ్ ఒకటిని ఎప్సిలాన్ స్క్వేర్‌తో భాగిస్తే వచ్చేంత దాకా పోతే, వెడల్పు గుబ్బకీ తోక వస్తుంది, అప్పుడు నాలుగో ఆర్డర్ టర్మ్ కలపాలి, సాంటోసా, సైమ్స్ 1991 పేపర్ వెతుక్కో.

ఎంవీపీ_కుర్రోడు:
ముప్పై గడులతో రన్ పెట్టా, లాప్‌టాప్ ఫ్యాన్ కింద పెట్టి టీకి పోతున్నా, వచ్చి చెప్తా