బావ తెచ్చిన బెల్జియం బీరుకి పదికి నాలుగేశా, తప్పు నాదేనా?

చిత్తూరు పిల్లోడు:
అందరికీ నమస్కారం. మా బావ బెల్జియంలో ఉద్యోగం, పోయిన వారం సెలవుకొస్తూ రెండు డూవెల్ సీసాలు తెచ్చాడు, ఒక్కోటి 330 మి.లీ. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి చిత్తూరు దాకా కారు డిక్కీలో దొర్లుకుంటూ వచ్చాయి. నాకు ఆత్రం ఆగలేదు. ఆ రాత్రే ఒకటి డీప్ ఫ్రిజ్‌లో కుక్కి, చేతికి జివ్వుమనేంత చల్లబడ్డాక మిద్దెపైకి తీసుకెళ్లా. మూత తీయగానే బుస్సుమని పొంగి పావు వంతు లుంగీ మీదే పోయింది. మిగిలింది రెండు స్టీలు గ్లాసుల్లో అడుగుదాకా వంచేశా (గాజు గ్లాసులు వంటింట్లో ఉన్నాయి, తీస్తే అమ్మ లేస్తుంది). పక్కన నాటుకోడి వేపుడు.

నాకు తెలిసిందల్లా చలి, ముక్కులోకి కొట్టే గ్యాసు, గొంతులో మంట, ఆఖర్లో పులిసిన ఇడ్లీ పిండి లాంటి మడ్డి. పదికి నాలుగన్నా. బావ మొహం మాడిపోయింది, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇంకో సీసా ఉంది. దీన్ని ఎట్లా తాగాలి, మార్కులు ఎట్లా వేయాలి, తెలిసినవాళ్లు చెప్పండి. రెండోది కూడా నాశనం చేస్తే అక్క కూడా మాట్లాడదు.

నురగ మాస్టరు:
తమ్ముడూ, నువ్వు మార్కులేసింది బీరుకి కాదు, డీప్ ఫ్రిజ్‌కి.

బెంగుళూరులో ఒక మైక్రోబ్రూవరీలో (చిన్న ఎత్తున బీరు కాచే చోటు) మూడేళ్లు చేసి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓర్చుకో. ఈ రకం బీరుకి ప్రాణమంతా వాసనలో ఉంటుంది. బేరికాయ, ఆపిల్, నారింజ తొక్క, కొంచెం మిరియం. ఇవేవీ వాళ్లు కలిపినవి కాదు, చాలావరకు ఈస్టు పులియబెట్టేటప్పుడు పుట్టినవి. గడ్డకట్టేంత చల్లబరిస్తే అవి పైకి లేవవు, నాలుక కూడా మొద్దుబారుతుంది, ఇక మిగిలేది గ్యాసు, మంట. అవే కదా నువ్వు రాసింది!

డూవెల్ తీరు కూడా కొంచెం తెలుసుకో. బ్రీన్‌డాంక్ అనే ఊళ్లో మూర్ట్‌గాట్ వాళ్ల బ్రూవరీ, 1871 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక విక్టరీ ఏల్ అని పేరు పెట్టి అమ్మారు, దానికి ఈస్టు స్కాట్లాండు నుంచి తెచ్చుకున్నారు. డూవెల్ అంటే వాళ్ల యాసలో దయ్యం, 1923లో ఆ పేరొచ్చింది. అప్పట్లో నల్లగా ఉండేది, ఈ బంగారు రంగు 1970లో వచ్చింది. 8.5 శాతం ఆల్కహాలున్నా బరువుగా అనిపించదు, ఎందుకంటే మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాటు చక్కెర కూడా వేస్తారు. చక్కెర వేస్తే తియ్యగా అవుతుందనుకుంటాం గదా, జరిగేది తలకిందులు. ఈస్టు దాన్ని ఆసాంతం తినేస్తుంది, తీపి మిగలదు, బీరు నోట్లో తేలిగ్గా ఉంటుంది, కిక్కు మాత్రం పెరుగుతుంది. దయ్యం పేరు ఊరికే రాలేదు.

సీసాలో మళ్లీ ఒకసారి పులుస్తుంది కాబట్టి గ్యాసెక్కువ, అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది. నువ్వు దాన్ని కారులో చిలికి, అడుగుదాకా వంచావు. అందుకే ఇడ్లీ పిండి.

రెండోదాన్ని ఫ్రిజ్‌లో కింది అరలో నిలబెట్టు, రెండు మూడు రోజులు కదిలించకు. తీశాక పది నిమిషాలు బయట ఉంచు (మన ఊరి మే నెలయితే ఐదు చాలు). పెద్ద వైన్ గ్లాసు బాగా కడుగు, నూనె జిడ్డు గానీ సబ్బు గానీ ఉంటే నురగ నిలవదు. గ్లాసు వంచి మెల్లగా పోసి, చివర్లో నిటారుగా పెట్టు. సీసాలో వేలెడు వదిలేయ్. ముందు వాసన, తర్వాతే గుటక.

మార్కులకి బీరు పోటీల్లో వాడే బీజేసీపీ (బీరు జడ్జీల సంస్థ) పద్ధతి ఉంది, మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద 10. చూపుకి మూడే అని గమనించు, బంగారు రంగు చూసి పడిపోవద్దనే లెక్క.

ఈతకల్లు:
మాస్టరుగారు చెప్పింది బాగుంది గానీ, నచ్చలేదని చెప్పడానికి ఇంత పూజ చేయాలా సామీ? నేను ఒకసారి తాగా, అన్నీ పద్ధతిగానే, ఈ బీరుకి వాడే తులిప్ పువ్వు ఆకారం గ్లాసులోనే. బాగుంది. ఎగిరి గంతేసేంత కాదు. పొద్దున్నే చెట్టు దించిన కల్లులో ఉండే ఆ పుల్లటి తాజాదనం ముందు నాకిది బాగా చదువుకున్న పిల్లోడిలా అనిపించింది, మర్యాదస్తుడే, కబుర్లు తక్కువ. మడ్డి కూడా కొంతమంది కావాలనే ఆఖర్న విడిగా తాగుతారు, అది తప్పేం కాదు.

నురగ మాస్టరు:
మడ్డి మాట నిజమే, కానీ మొదటిసారి వద్దు. ఇక కల్లుతో పోల్చి మార్కులేస్తే బెంగుళూరా మామిడికాయని బేనిషాతో పోల్చి పుల్లగా ఉందన్నట్టుంటుంది. దేనికి ఏ గుణం ఉండాలో దాంట్లో అది ఉందా అని చూడాలి. అది అయ్యాక నచ్చిందా లేదా నీ ఇష్టం, ఆఖరి పది మార్కులు అందుకే.

అలిపిరి దగ్గర:
ఎవరూ చెప్పలేదు గానీ ఆ వేపుడు మాన్పించండి ముందు. కారం మీద గ్యాసు, ఆల్కహాలు పడితే మంట రెండింతలు. ఉడకబెట్టిన శనక్కాయలు చాలు. ఇంకోటి, చిన్న సీసా కదా అనుకోవద్దు, 330 మి.లీ.లో 8.5 శాతమంటే 28 మి.లీ. ఆల్కహాలు, 30 మి.లీ. విస్కీ పెగ్గులు రెండింటికి పైనే. తాగి బండి తీయొద్దు. మీ బావ సెలవులో కొండకొస్తే ముందే కారు డిక్కీ ఒకసారి చూసుకోమను, అలిపిరి తనిఖీలో సీసా దొరికితే మామూలుగా ఉండదు.

చిత్తూరు పిల్లోడు:
నిన్న రాత్రి తీశాం. ఈసారి అమ్మ ఊరెళ్లింది కాబట్టి గాజు గ్లాసులే, వేడినీళ్లతో రెండుసార్లు కడిగా. పోస్తుంటే నురగ తెల్లగా గడ్డపెరుగులా నిలబడింది, తాగేకొద్దీ గ్లాసు గోడకి గీతలు గీతలుగా అంటుకుంది. కిందంతా ఎంత తేటగా ఉందంటే అవతల ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది. ముందు వాసన చూడమన్నారని చూశా, బేరికాయ దొరకలేదు, బావకి దొరికింది, నాకు మాత్రం నారింజ తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన, దాని వెనక మిరియం. గుటక వేశాక తియ్యగా మొదలై, మింగేసరికి పొడిగా, చేదుగా తేలింది. మంట లేదు, వెచ్చదనం ఉంది. సగం తాగాక చెవులు వేడెక్కాయి, అది వేరే విషయం.

వాసనకి 9, చూపుకి 3, రుచికి 14, నోటికి 4, మొత్తం మీద 7. కలిపితే 37. రుచిలో ఆరు ఎందుకు కోశావని బావ అడిగాడు. చివర చేదు నాకు ఇంకా అలవాటు కాలేదు, అబద్ధం చెప్పలేను అన్నా. పర్లేదు, వచ్చే ఏడాది డెలీరియం ట్రెమెన్స్ తెస్తా, అదీ 8.5 శాతమే, సీసా మీద గులాబీ ఏనుగు ఉంటుందన్నాడు. ఈతకల్లు అన్నా, మీ మాట ప్రకారం ఆ వేలెడు మడ్డి కూడా ఆఖర్న తాగా. ఇడ్లీ పిండే.