మాటకారితనాన్నే మనం ఆత్మవిశ్వాసం అనుకుంటున్నామా?

లీలామహల్ సర్కిల్:
తిరుపతి స్టేషన్‌కి దగ్గర్లో నాకు చిన్న ట్రావెల్స్ ఉంది. సొంత కార్లు నాలుగు, రద్దీ ఎక్కువైతే బయట కార్లు పెడతాం. తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్, అరుణాచలం, ఎక్కువగా ఇవే ట్రిప్పులు. ఇప్పుడు రేణిగుంటలో రెండో ఆఫీసు పెడుతున్నా. దాన్ని చూసుకోవడానికి నా దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకణ్ణి పంపాలి. ఇంట్లో పదిరోజులుగా ఇదే గొడవ.

ఒకడు మాటకారి. తమిళం, కన్నడం, హిందీ మూడూ గడగడా మాట్లాడతాడు, రైల్లో నిద్రలేక చిరాకుగా దిగిన కుటుంబాన్ని కూడా రెండు నిమిషాల్లో నవ్వించి, టీ తాగించి కార్లో కూర్చోబెడతాడు. ఇంకొకడు పిలిస్తేగానీ పలకడు. ఏదైనా అడిగితే కస్టమర్ ముందే "నాకు తెలీదండీ, ఉండండి, కనుక్కుని చెప్తా" అంటాడు. వాడు కనుక్కునేలోగా సగంమంది పక్క షాపుకి పోతారు.

పోయిన నెల ఒక ఆదివారం కోయంబత్తూరు నుంచి పెద్దవాళ్లిద్దరు వచ్చారు. కాళహస్తిలో రాహుకేతు పూజ రాహుకాలంలోనే చేయించుకోవాలి, రాత్రి ఏడుంబావుకి తిరుపతిలో రైలెక్కాలి, కుదురుతుందా అని అడిగారు. మా మాటకారి తడుముకోకుండా "దర్జాగా అయిపోతుంది సామీ, నేనున్నా కదా" అన్నాడు. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు దాకా. పూజ ముగించి, గుడి బయటికొచ్చి, చెప్పులు వెతుక్కుని, మళ్లీ గంట ప్రయాణం. రైలు పోయింది. నేను డబ్బులు వెనక్కిచ్చాను. అయినా మా ఆవిడ "వాడికున్న ధైర్యం రెండోవాడికి ఏదీ" అంటోంది. నాకేమో "తెలీదు" అన్నవాడిదే అసలు ధైర్యం అనిపిస్తోంది. మీరేమంటారు?

బెంగుళూర మామిడి (చిత్తూరు):
ఇందులో ఆలోచించేదేముందన్నా. మా మండీలో పైవరస కాయలు చూసి ధర కట్టినవాడు ఒక్క సీజన్‌లో మునిగిపోతాడు, చెయ్యి లోపలిదాకా పెట్టి అడుగుకాయ తీసి చూడాల్సిందే. మీవాడి "నేనున్నా కదా" పైవరస. కింద ఏముందో ఆ రైలు పోయినరోజే తెలిసిపోయింది. రెండోవాణ్ణి పంపు. నిండుకుండ తొణకదు.

ఎస్వీయూ పాత విద్యార్థిని:
సామెతలతో తేల్చేస్తే "నోరు మంచిదైతే ఊరు మంచిది" కూడా మన సామెతే, మరి దాన్నేం చేద్దాం?

నేను పలమనేరు పక్క పల్లెనుంచి వచ్చి యూనివర్సిటీలో చేరినప్పుడు దాదాపు రెండేళ్లు క్లాసులో నోరు తెరవలేదు. అందరూ "ఎంత అణకువ" అన్నారు. అణకువా పాడా, భయం! వైవా ఉందంటే ముందురోజు రాత్రినుంచే అన్నం దిగేది కాదు. అందుకే మాట్లాడనివాళ్లందరూ నిండుకుండలంటే నేనొప్పుకోను. కదపకపోతే ఖాళీ కుండ కూడా తొణకదు.

మనం పైకి కనిపించేదానికి పడిపోతామన్నది మాత్రం నిజం. థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1920లోనే, సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కులు చూసి, ఒక గుణం నచ్చితే దానితో సంబంధం లేని గుణాలకీ మార్కులు పెంచేస్తున్నారని రాశాడు. మీ ఆవిడ చేస్తున్నది అదే. కానీ అన్నా, ఏమీ అనుకోకండి, మీరూ అదే చేస్తున్నారు. రెండోవాడు నిజం చెప్తాడు కాబట్టి ఆఫీసు కూడా నడపగలడని ఎలా అనుకున్నారు? అవి రెండూ వేరే వేరే.

పాత ఘాట్ డ్రైవర్:
పద్దెనిమిదేళ్లుగా కొండకి బండి తోల్తున్నా. ఎక్కేది 1974లో తెరిచిన రోడ్డు, దిగేది 1944 నాటి పాత రోడ్డు. మనిషి సంగతి దిగేటప్పుడే తెలుస్తుంది. వెనకనుంచి ఎవడో హారన్ మీద హారన్ కొడతా ఉంటాడు, లోపల కూర్చున్నవాళ్లు "ఏమన్నా, ఎద్దులబండా" అని నవ్వుతా ఉంటారు, అప్పుడు రోషం రాకుండా, వాడికి దారిచ్చేసి, నవ్వేవాళ్లతో తనూ నవ్వి, రెండో గేర్లోనే దింపుకొచ్చేవాడికి లోపల ఏదో ఉన్నట్టు లెక్క. నేను ముందునుంచీ అట్లాంటివాణ్ణేం కాదు. ఒకసారి ఇట్లాగే రోషానికి పోయి పిట్టగోడకి బంపర్ రాసేశా, కార్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ పూటనుంచి ఎవరేమన్నా చెవికెక్కదు. ధైర్యంలోంచి వచ్చిందో భయంలోంచి వచ్చిందో మీరే చెప్పండి మేడం, మీరు చదువుకున్నోళ్లు.

మదనపల్లె టమాటా:
మా ఊరి ఉదాహరణ చెప్తా. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు, చిన్నప్పుడు బళ్లో మందమతి అని దెబ్బలు తిన్న పిల్లాడు. తర్వాత దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్లు కాబోయే జగద్గురువని పెంచారు, ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు, వేలమంది సభ్యులు, ఆస్తులు. 1929లో హాలెండ్‌లోని ఓమెన్‌లో ఆ సభ్యుల ముందే నిలబడి సంఘాన్ని రద్దు చేస్తున్నానని చెప్పేశారు. వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకే పోయాయి. జనం మెప్పుతో నిలబడ్డ మనిషైతే ఆ పని చెయ్యగలడా?

ఎస్వీయూ పాత విద్యార్థిని:
మంచి ఉదాహరణే, కానీ అది మీకే అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆయన దేశదేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. పాత ఫోటోలు చూడండి, ఆ తలకట్టు, ఆ సూటు, ఎంత నీటుగా ఉంటారో. అంటే ఆకర్షణా నిబ్బరమూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఇది ఉంటే అది లేదని ఎవరు చెప్పారు?

బెంగుళూర మామిడి (చిత్తూరు):
అబ్బా, జగద్గురువు పోస్టు ఎక్కడా ఖాళీ లేదు, రేణిగుంట ఆఫీసు సంగతి చూడండి సామీ.

కాళహస్తి కోడలు:
మా అత్తగారు కలంకారీ వేస్తారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుపముక్కలు వారాల తరబడి నానబెట్టి తీసిన నల్లరంగులో కలం ముంచి, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద గీత గీస్తే అది మళ్లీ చెరగదు, తప్పుపోతే తప్పే. ఆవిడ చెయ్యి ఎప్పుడూ వణకదు. కానీ అదే మనిషి, బయటినుంచి కొనేవాళ్లొస్తే తలుపు వెనక్కి పోతారు. ధర చెప్పమంటే "మీకు తోచింది ఇవ్వండి" అంటారు. మధ్యలో వచ్చే దళారికి గీత గియ్యడం రాదు, నోరు మాత్రం ఉంది, మిగిలేదంతా వాడికే మిగులుతుంది.

బందూరా అనే సైకాలజిస్టు 1977లో చెప్పిన మాట నాకు ఇక్కడ సరిపోయిందనిపించింది. నమ్మకం మనిషి మొత్తానికి ఒకేలా ఉండదు, ఏ పనికాపనికి వేరుగా ఉంటుంది, ఆ పని చేసి గెలిచినకొద్దీ పెరుగుతుంది అంటాడు. మా అత్తకి గీత మీద ఉంది, బేరం మీద లేదు. ఆవిణ్ణి "నిండుకుండ" అని పొగిడితే ఆ పొగడ్త దళారికే లాభం. అందుకే ఇట్లాంటి చర్చల్లో మెత్తనివాళ్లని దేవుళ్లని చేస్తే నాకు కోపం వస్తుంది. నోరున్నవాళ్లంతా దళారులు కాదు, అది కూడా తెలుసు. పోయినేడు నుంచి ధర నేనే చెప్తున్నా. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి రెండువందలు ఎక్కువే చెప్పా, మాట్లాడకుండా ఇచ్చేసి పోయారు!

పాత ఘాట్ డ్రైవర్:
కరెక్టే అమ్మా. అయినా ఆ కుర్రోడు రైలు అందుతుందని చెప్పడం తప్పే.

కాళహస్తి కోడలు:
తప్పు కాదని ఎవరన్నారన్నా. వాడు ఎందుకలా అన్నాడో ఎవరైనా వాణ్ణి అడిగారా అని నా బాధ.

లీలామహల్ సర్కిల్:
అడిగాను. నిన్న రాత్రి షట్టర్ దించాక ఇద్దర్నీ కూర్చోబెట్టాను. మాటకారి కాసేపు ఏవో జోకులు వేశాడు, నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. తర్వాత వాడే మొదలుపెట్టాడు. "అన్నా, ఆరోజు టైము చాలదని నాకు తెలుసు. లేదంటే వాళ్లు పక్కషాపుకి పోతారేమోనని అట్లా అనేశా. ఎవరి మొహం మీదా లేదు అనడం నాకు రాదు. రేణిగుంటలో ఒక్కణ్ణే అంటే నాకు భయం, నన్ను పంపొద్దు" అన్నాడు. మూడేళ్లలో వాడి నోట భయం అనే మాట నేను వినలేదు. వాడికి ధైర్యం లేదని నేననుకున్నది కూడా తప్పేనేమో, ఆ మాట నా ముందు అనడం తేలిక కాదు కదా. పొద్దున వాడే కోయంబత్తూరు వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్పుకున్నాడు, నేను చెప్పమనలేదు.

సరే, మరి నువ్వు పోతావా అని రెండోవాణ్ణి అడిగాను. అలవాటుగా "తెలీదండీ" అంటాడనుకున్నా. వాడు తలెత్తి తిన్నగా చూసి "పోతా, జీతం ఎంత పెంచుతారు?" అన్నాడు. మా ఆవిడకి చెప్తే పడీపడీ నవ్వింది. వాడికి నేనింకా జవాబు చెప్పలేదు.