బడికి నర్సు కావాలా, కౌన్సిలర్ కావాలా, ఉన్న టీచర్లు చాలా?

గాజువాక మాస్టారు:

అందరికీ నమస్కారం. గాజువాక వైపు ఒక మున్సిపల్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా బడిలో ఏడొందల మంది దాకా పిల్లలున్నారు. కిందటి నెల ప్రేయర్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. మొహాన నీళ్లు చల్లాం, ఆయా గ్లూకోజ్ కలిపి తాగించింది, ఆటోలో అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ ఏడున్నరే, రక్తం బాగా తక్కువ ఉందన్నారు.

నాకు నోట మాట రాలేదు. రక్తం పట్టడానికని వారం వారం నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తున్నాం, రిజిస్టర్లో టిక్కు పెడుతున్నాం. ఆ అమ్మాయి పేరు ఎదురుగా ఒక్క వారం కూడా ఖాళీ లేదు. నిదానంగా అడిగితే అప్పుడు చెప్పింది. పొద్దున్న ఏమీ తినకుండా వస్తుందట. మొదటి పీరియడ్‌లో మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పి వాంతయ్యేదట. అందుకని నోట్లో పెట్టుకుని కుళాయి దగ్గర ఉమ్మేసేది. ఏడాదిగా ఇదే. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకో, టీ మీద వేసుకోకు, నిమ్మకాయో ఉసిరికాయో తింటే ఇంకా మంచిది అని చెప్పే మనిషి బడిలో లేకపోయింది. నేను ఉన్నాను గానీ, నాకూ తెలియదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మన విశాఖలోనే కోచింగ్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని అందులో చెప్పారు. వందకు తక్కువైతే బయటి నిపుణులతో కచ్చితమైన ఏర్పాటు ఉండాలి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు.

నా మటుకు నాకు ముందు పూర్తికాలం నర్సు కావాలి, కౌన్సిలర్ ఆ తర్వాత. కడుపునొప్పి అని వచ్చిన పిల్లే ఆ తర్వాత మనసులో మాట చెబుతుంది. మీరేమంటారు?

పెందుర్తి బయాలజీ టీచర్:

మాస్టారూ, ఆ అమ్మాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మీ పరిష్కారంతో మాత్రం నేను ఏకీభవించను. ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం ఉంది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ, ఆరోగ్య అంబాసిడర్లుగా తయారు చేయాలి. 2020లో దానికి పాఠ్యాంశాలు కూడా వచ్చాయి. పదకొండు అంశాలు: తిండి, శుభ్రత దగ్గర్నుంచి మనసు, మత్తుపదార్థాలు, ఇంటర్నెట్ వాడకం దాకా. మా బడిలో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. వారానికి గంట కేటాయించమన్నారు. సిలబస్ వెనకబడితే ముందు ఎగిరిపోయేది ఆ గంటే. భోజనం ఫోటోలు యాప్‌లో ఎక్కించడానికి పోయే టైములో సగం నాకిస్తే ఆ గంట నిలబడుతుంది.

కొత్త పోస్టు అంటే ఏమవుతుందో మనకు తెలియనిదా? అవుట్‌సోర్సింగ్‌లో వేస్తారు, జీతం మూడు నెలలకోసారి వస్తుంది, మంచి ఉద్యోగం దొరగ్గానే ఆ పోస్టులో వచ్చినావిడ వెళ్లిపోతుంది. పిల్ల మనసు విప్పి చెప్పుకున్న మనిషి సంక్రాంతి సెలవుల తర్వాత కనబడకపోతే ఆ పిల్ల మళ్లీ ఇంకొకరికి చెబుతుందా? పిల్లలు చెప్పుకునేది రోజూ చూసే మనిషికే. అది టీచరే.

ఆరిలోవ అమ్మ:

మేడం గారూ, మీరు మంచి మనసుతో చెబుతున్నారు. కానీ మా ఇంట్లో జరిగింది వినండి.

మా పెద్దది ఎనిమిదిలో ఉన్నప్పుడు ఇంట్లో గొడవలు. మా ఆయన తాగొచ్చేవాడు. గుంట పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అక్షరం ఎక్కేది కాదు. ఓ రోజు వాళ్ల టీచర్ దగ్గర ఏడ్చి అంతా చెప్పీసింది. ఆ టీచర్ మంచావిడే, నేను ఒట్టేసి చెబుతాను. పాపం అనుకుని పక్క టీచర్‌తో అన్నారు. ఆ పక్కావిడ క్లాసులో మా వీధి పిల్లలున్నారు. రెండు రోజుల్లో కొళాయి దగ్గర నీళ్లు పడుతుంటే మా పక్కింటావిడ నన్ను అడిగింది, ఏటమ్మా మీ ఆయన ఇలాగట కదా అని. మా గుంట నెల్లాళ్లు బడికెళ్లలేదు. ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ నాకే చెప్పదు.

టీచర్‌కి ఆ పిల్లకి మార్కులెయ్యాలి, తిట్టాలి, ఇంటికి కబురు పంపాలి. ఆ మనిషి దగ్గరే గుట్టు కూడా ఉండాలంటే ఎలాగండీ? నాకు నర్సయినా పర్లేదు, కౌన్సిలరయినా పర్లేదు. ఆ మనిషి స్టాఫ్‌రూములో కూర్చోకూడదు. అదే నా గోల.

ఆరోగ్య బండి ఫార్మసిస్టు:

బడులకు తిరిగే బాల ఆరోగ్య బృందంలో పనిచేస్తాను. ఆర్‌బీఎస్‌కే, అదే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంటే తెలిసే ఉంటుంది, 2013లో మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటి కింద 30 రకాల సమస్యలు చూస్తాం. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. ఏడొందల మంది ఉన్న బడిలో ఒక్కో పిల్లకి మాకు దొరికేది ఎంతసేపో మీరే ఊహించుకోండి.

అయినా సరే, కనిపెట్టడంలో కన్నా కనిపెట్టిన తర్వాతే మేం ఎక్కువ ఓడిపోతున్నాం. ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఆరో తరగతి, చెవి కారుతోంది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చెవి డాక్టర్లకి (ఈఎన్‌టీ) చూపించమని స్లిప్పు రాశాను. మరుసటి ఏడు అదే బడికి వెళ్తే అదే కుర్రాడు, అదే చెవి, ఈసారి రెండోది కూడా. వాడు చివరి బెంచీలో ఉన్నాడు. చెప్పింది వినడు సార్, మొద్దు అన్నారు. వినడానికి వాడికి వినపడితే కదా! తల్లి ఫిష్ హార్బర్‌లో రొయ్యలు వొలిచే పనికి వెళ్తుంది. కేజీహెచ్ ఓపీలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, మళ్లీ రమ్మంటే రెండో రోజూ పోతుంది. స్లిప్పు ఇంట్లో గూట్లోనే ఉంది, పోగొట్టుకోలేదు పాపం.

కళ్లద్దాలదీ ఇదే కథ. రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు 2019 అక్టోబరు 10న మొదలైనప్పుడు మొదటి విడత బడిపిల్లలకే చేశారు, చాలామందికి అద్దాలొచ్చాయి. అద్దం పగిలిన తర్వాత రెండోది ఎవరివ్వాలో అడిగే దిక్కులేదు.

కాబట్టి మాస్టారూ, నర్సు వస్తే మందు ఇచ్చే నర్సుగా వద్దు. స్లిప్పుల పుస్తకం పట్టుకుని వెంటపడే నర్సుగా రావాలి. ఏ పిల్ల ఆసుపత్రికి వెళ్లింది, ఎవరు వెళ్లలేదు, తల్లికి వీలుకాకపోతే వెంట ఎవరు వెళ్లాలి, అది చూసే మనిషి. ఆమాత్రానికి కొత్త పోస్టు కూడా అక్కర్లేదేమో. వార్డు సచివాలయంలో హెల్త్ సెక్రటరీ ఉన్నారు. వారంలో రెండు రోజులు బడికి రాసిస్తే చాలు.

గాజువాక మాస్టారు:

ఆ హెల్త్ సెక్రటరీకి ఇప్పటికే బాలింతలు, టీకాలు, సర్వేలు ఉన్నాయండీ. మా వార్డు అమ్మాయి సాయంత్రం ఏడింటికి కూడా సందుల్లో తిరుగుతూ కనబడుతుంది. ఆ రెండు రోజులు కాగితం మీదే మిగులుతాయి.

మల్కాపురం నాన్న:

నేను ముక్కుసూటిగా రాస్తాను, ఏమీ అనుకోకండి. మా వైపు కిటికీ తలుపు మీద వేలుతో గీస్తే నల్లటి గీత పడుతుంది. మా అబ్బాయికి ఉబ్బసం. డాక్టరు ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరుండాలన్నారు. బడిలో ఏం చేశారంటే, పిల్లలు ఆడుకుంటారని చెప్పి హెచ్ఎం గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఓ శనివారం ఆటల పీరియడ్‌లో ఆయాసం వచ్చింది. తాళంచెవి ఉన్నాయన మీటింగ్‌కి వెళ్లారు. వాడి అదృష్టం, మా తమ్ముడి ఇల్లు బడి వెనకే.

ఇలాంటివి చూడండి ముందు. కళ్లు, పళ్లు, ఊపిరి. కౌన్సిలర్ గదిలోకి నా కొడుకు వెళ్లి వస్తే మిగతా పిల్లలు ఏమంటారో నాకు తెలుసు. మానసిక ఆసుపత్రి వాల్తేరులో ఉంది కదా, ఈ ఊళ్లో 'వాల్తేరు పంపించాలి' అంటే తిట్టు. నేనూ చిన్నప్పుడు అన్నవాడినే. అలాంటి ముద్ర పడితే పదో తరగతి అయ్యేదాకా పోదు.

పాడేరు నుంచి, నర్సింగ్ రెండో సంవత్సరం:

అన్నయ్యా, మీ భయం నాకు అర్థమైంది. నేను ఆరు నుంచి పది దాకా హాస్టల్లో ఉండి చదివాను. మా తరగతిలో ఒకమ్మాయికి సికిల్ సెల్, అంటే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. మా కొండ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువ. చలిలో చన్నీళ్ల స్నానం, నీళ్లు సరిగా తాగకపోవడం, ఎక్కువ అలసట, వీటితో ఒళ్లంతా విరిచేసే నొప్పి వస్తుంది. చలికాలం రాగానే ఆ పిల్ల మూలుగుతూ పడుకునేది. చదువు ఎగ్గొట్టడానికి నాటకం అని అందరూ నవ్వేవారు, నేనూ నవ్వాను. ఇప్పుడు పుస్తకంలో ఆ పాఠం చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ పిల్లకు వేడినీళ్లు, దుప్పటి, నమ్మే మనిషి కావాల్సింది.

కురుపాం గిరిజన గురుకులం సంగతి అందరం చూశాం. 2025 అక్టోబరులో కామెర్లు పాకి పిల్లల్ని ఇక్కడ కేజీహెచ్ దాకా తేవాల్సి వచ్చింది. ఒకే గదిలో నలుగురికి ఒకేసారి ఆకలి మందగించి, కళ్లు పచ్చబడితే అది జ్వరం మాత్రతో పోయేది కాదని మొదటి రోజే గుర్తుపట్టే కళ్లు బడిలోనే ఉండాలి. పట్నం బడికైతే సాయంత్రం తల్లి చూస్తుంది. హాస్టల్లో ఎవరు చూస్తారు?

ఇంక కౌన్సిలర్ ముద్ర గురించి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మాస్టారి ఏడొందల మందిలో ఆ వయసు వాళ్లు ఐదొందల మంది అనుకున్నా, ముప్పై మందికి పైనే అవుతారు. వాళ్లు ఇప్పుడు కూడా ఆ బడిలోనే కూర్చున్నారు. ఆ గదికి కౌన్సెలింగ్ గది అని బోర్డు పెట్టొద్దు. దెబ్బకు కట్టు కట్టేది, నెలసరికి ప్యాడ్ ఇచ్చేది, ఇన్‌హేలర్ పెట్టుకునేది, మాట్లాడుకునేది అన్నీ ఒకే గది అయితే ఎవరు దేనికి వెళ్లారో ఎవరికి తెలుస్తుంది?

మల్కాపురం నాన్న:

ఇది నాకు నచ్చింది చెల్లెమ్మా. అలా అయితే నాకు అభ్యంతరం లేదు. ఇన్‌హేలర్ మాత్రం గదిలో కాదు, వాడి జేబులో ఉండాలి.

పెందుర్తి బయాలజీ టీచర్:

రెండు రోజులుగా అందరి మాటలూ చదువుతున్నాను. ఆరిలోవ అమ్మగారూ, మీ అమ్మాయికి జరిగినదానికి ఆ టీచర్ తరఫున నేను సిగ్గుపడుతున్నాను. పాపం అని పక్కవాళ్లతో అనడం మేం అందరం చేస్తాం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు.

అయితే గుట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఏ గదిలో కూర్చున్న మనిషైనా అన్నీ దాచలేరు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. నాలుగేళ్ల కిందట ఒక పాప నా దగ్గర అలాంటి మాట చెప్పింది. ఎవరికీ చెప్పను అని అప్పటికే మాటిచ్చేశాను. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. చేయాల్సిందే చేశాను గానీ ఆ పాప ఇప్పటికీ నా మొహం చూడదు. 'నీకు హాని జరిగే విషయమైతే నేను దాచలేను, మిగతాదంతా నాలోనే ఉంటుంది' అని ముందే చెప్పాలట. అది నాకు తర్వాత తెలిసింది.

అందుకే కొంత మారాను. మొదట పసిగట్టేది టీచరే అంటాను, అది వదలను. ఆ తర్వాత చేయి అందుకోవడానికి నేర్పున్న మనిషి కావాలి. ఆ మనిషిని కాంట్రాక్టు మీద వేస్తే మాత్రం ఒప్పుకోను. అవసరమైతే దగ్గరున్న మూడు నాలుగు బడులకు కలిపి ఒకరిని వేయండి, కానీ రెగ్యులర్ పోస్టు ఇవ్వండి.

ఆరోగ్య బండి ఫార్మసిస్టు:

నాలుగు బడులకు ఒకరంటే వారంలో ఒక్కో బడికి రోజు, రోజున్నరే పడుతుంది మేడం. పిల్లకి కష్టం మంగళవారమే రావాలని లేదుగా. వందమంది, అంతకు మించి ఉన్న ప్రతి బడిలో కనీసం ఒకరు ఉండాలని కోర్టే చెప్పాక మనమే తగ్గించి అడగడం ఎందుకు? ఈలోగా మనసు బాగోనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. దానికి పెయింటు డబ్బాయే ఖర్చు.

గాజువాక మాస్టారు:

నంబరు ఈ ఆదివారం రాయిస్తున్నాను. డ్రాయింగ్ మాస్టారు ఒప్పుకున్నారు. నీలం మాత్ర భోజనం తర్వాతకి మార్చాం. రెండు వారాలుగా పిల్లలు మా ఎదుటే మింగుతున్నారు. ఆ అమ్మాయి అందరికన్నా ముందొచ్చి నిలబడుతోంది.

వచ్చే తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. పూర్తికాలం నర్సు, కోర్టు చెప్పిన కౌన్సిలర్, ఇద్దరూ కావాలని రాసి మున్సిపల్ కమిషనర్‌కి, డీఈఓకి పంపుతాం. పోస్టు వచ్చేదాకా ఆగకుండా పాత సామాన్ల గది ఖాళీ చేయిస్తున్నాను. విరిగిన బెంచీలు తీయించి సున్నం వేయిస్తే ఒక మంచం, ఒక బల్ల పడతాయి. గురువారం మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటానని అర్బన్ హెల్త్ సెంటర్ స్టాఫ్ నర్సు మాటిచ్చారు. వారానికి ఒక్క పూటే అని నాకూ తెలుసు.

ఆరిలోవ అమ్మ:

సంతోషం మాస్టారూ. ఆ గది కిటికీ ఎటుంది? స్టాఫ్‌రూము వరండా వైపు గనక ఉంటే పరదా కట్టించండి. గుడ్డ నేను కుట్టిస్తాను, కొలతలు పంపండి.