మిల్టన్ కీన్స్‌లో అద్దె ఇల్లు: పేట పేరు కాదు, పుట్టుక చూడండి

ప్రశ్న (మియాపూర్ నుంచి):
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వచ్చే నెలలో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌కు వెళ్తున్నాను. తరువాత నా భార్య, రెండేళ్ల పాప వస్తారు. కారు ఇప్పట్లో కొనలేను. ఒకే ఊళ్లో, అన్నే గదులున్న ఇళ్లకు అద్దెలు చాలా తేడాగా కనిపిస్తున్నాయి. ఏ పేటలో చూడమంటారు?

జవాబు (తార్నాక నుంచి):
పేట పేరు ఒక్క మాటలో చెప్పవచ్చు గాని, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇల్లు మీరే ఎంచుకోగలరు. నేను అక్కడ కొన్నేళ్లు అద్దె ఇళ్లలోనే గడిపి తిరిగివచ్చాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మిల్టన్ కీన్స్ ఒక ఊరు పెరిగి పెద్దదై నగరమైనది కాదు. లండన్ ప్రాంతంలో ఇళ్ల కొరత తీర్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1967 జనవరిలో పొలాలను, పల్లెలను, వుల్వర్టన్, స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్, బ్లెచ్లీ అనే మూడు పాత పట్టణాలను ఒక సరిహద్దులోకి తెచ్చి, సుమారు రెండున్నర లక్షల మందికి సరిపడే కొత్త పట్టణం కడతామని ప్రకటించింది. నగర హోదా 2022లో గాని రాలేదు. అందువల్ల ఒకే ఊరి పేరు కింద వేర్వేరు కాలాల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి.

వుల్వర్టన్ 1838లో లండన్–బర్మింగ్‌హామ్ రైల్వే కంపెనీ వర్క్‌షాపు పెట్టి, పనివారి కోసం నిర్మించిన ఊరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లు చూసినవారికి దాని తీరు వెంటనే అర్థమవుతుంది. గోడకు గోడ ఆనుకున్న ఎర్ర ఇటుకల ఇళ్లు, వీధిలోకే తెరుచుకునే తలుపులు, కారు నిలపడానికి వీధి తప్ప వేరే చోటు లేకపోవడం దాని లక్షణాలు. కారు లేని మీకు ఇది లోపం కాదు. స్టేషను, దుకాణాలు నడిచే దూరంలో ఉంటాయి. అయితే ఆ పాత గోడలు చాలావాటికి మధ్యలో ఖాళీ పొర ఉండదు కనుక చలి, చెమ్మ త్వరగా పడతాయి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బీరువాల వెనుక, కిటికీల కింద బూజు ఉందేమో చూడండి. కొత్తగా వేసిన రంగును చూసి మురిసిపోకండి.

స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ గుర్రపు బండ్ల కాలం నాటి సత్రాలతో అందంగా ఉంటుంది గాని, అక్కడ రైల్వే స్టేషను లేదు. బ్లెచ్లీలో స్టేషను ఉంది. 1950ల నుంచి లండన్‌లో చోటు చాలని కుటుంబాల కోసం అక్కడ ప్రభుత్వం ఇళ్లు కట్టించింది, అద్దె కూడా సాధారణంగా కొంత తక్కువే. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్కు అక్కడిదే, అయితే దానివల్ల మీ ఇంటి హీటింగు బిల్లు ఏమీ తగ్గదు.

అసలు జాగ్రత్త పడవలసినది 1970లలో వేగంగా కట్టిన పేటల విషయంలో. బీన్‌హిల్‌ను నార్మన్ ఫాస్టర్ వంటి పేరున్న వాస్తుశిల్పి రూపొందించినా, చదునైన పైకప్పులు కారడంతో తరువాత వాటిపై వాలు కప్పులు వేయవలసి వచ్చింది. ఆ కాలపు ఇల్లు చూస్తున్నప్పుడు పైకప్పు ఎప్పుడు మార్చారో, హీటింగు దేనితో నడుస్తుందో అడగండి. ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో ‘ఎ’ (అన్నిటికన్నా మంచిది) నుంచి ‘జి’ వరకు శ్రేణుల్లో చెప్పే ఇ.పి.సి. అనే పత్రంలో ‘ఇ’ శ్రేణి కన్నా తక్కువ ఉన్న ఇంటిని, మినహాయింపు ఉంటే తప్ప, అద్దెకు ఇవ్వకూడదు; మీరు మాత్రం ‘సి’ ఉన్నవాటినే ముందు చూడండి. బ్రూక్‌లాండ్స్ వంటి కొత్త పేటల ఇళ్లు వెచ్చగా ఉంటాయి గాని స్టేషనుకు దూరం.

ఆ దూరాన్ని మ్యాపులో చూసి అంచనా వేయకండి. నగరమంతా దాదాపు కిలోమీటరుకు ఒకటి చొప్పున అడ్డంగా, నిలువుగా పెద్ద రోడ్లు వేసి, వాటికి హెచ్, వి అక్షరాలతో సంఖ్యలిచ్చారు. ఇళ్లు ఆ రోడ్లకు ముఖం పెట్టవు. చెట్ల వరుసల వెనుక ఉంటాయి. నడిచేవారికి, సైకిళ్లకు రెడ్‌వే అనే వేరే బాటలున్నాయి. పగలు అవి హాయిగా ఉంటాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడినప్పుడు, పాపను తోపుడు బండిలో పెట్టుకొని సొరంగ మార్గాల గుండా బస్సు స్టాపుకు వెళ్లవలసి వస్తే మీ భార్య ఏమంటారో ముందే ఆలోచించుకోండి. అందుకే నా సలహా వుల్వర్టన్, అది కుదరకపోతే బ్లెచ్లీ.

మరొక జవాబు (మిల్టన్ కీన్స్ నుంచి):
తార్నాక వారి మాటలతో ఏకీభవిస్తూనే, సెంట్రల్ స్టేషను దగ్గరి ఫ్లాట్లను కూడా చూడమంటాను. అద్దె ఎక్కువే అయినా మొదటి చలికాలం గడపడానికి అవి సుఖం.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. హైదరాబాదులో లాగా ఇంటి యజమాని అడిగినంత అడ్వాన్సు ఇక్కడ ఇవ్వనక్కరలేదు. 2019 నాటి చట్టం ప్రకారం సాధారణ అద్దెలకు అది ఐదు వారాల అద్దెను, ఇల్లు మీ కోసం ఆపి ఉంచడానికి ఇచ్చే బయానా ఒక వారం అద్దెను మించకూడదు. ఆ అడ్వాన్సును యజమాని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో నమోదు చేయాలి. కౌన్సిల్ టాక్స్ అనే స్థానిక పన్నును సాధారణంగా అద్దెకున్నవారే కట్టాలి; ఇల్లు నిన్న కట్టినదైనా దాని పన్ను శ్రేణిని 1991 ఏప్రిల్ నాటి ధరల లెక్కలోనే నిర్ణయిస్తారు. కాబట్టి ఇంటి చిరునామా తెలియగానే ఆ శ్రేణి చూసి, ఆ మొత్తాన్ని అద్దెకు కలిపి అప్పుడు ఇళ్లను పోల్చుకోండి.